దిబ్బే ఇక్కడ కొండ

మారుమూల అనగానే ఎక్కడో కొండల వెనకో, అడవి మధ్యనో ఉంటుందనుకుంటాం. కృష్ణా డెల్టాకీ ఒక మారుమూల ఉంది. దానికి కొండా లేదు, గుట్టా లేదు. అరచెయ్యంత చదును. తెనాలి నుంచి మూడు గంటల ప్రయాణం కూడా కాదు. కానీ అక్కడికి వెళ్లాలన్నా, వెళ్లి ఉండాలన్నా నేల ఎంత ఎత్తున ఉందో తెలియాలి. ఆ ఎత్తు అడుగుల్లోనే!

తెనాలి స్టేషన్లో చెన్నై వైపు, విజయవాడ వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లకి ఉన్న హడావుడి రేపల్లె బండికి ఉండదు. అది వచ్చి నిలబడుతుంది. జనం తీరుబడిగా ఎక్కుతారు. తెనాలి బజారులో కొన్న సంచులు పైన పెట్టుకునేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆఫీసుల నుంచి ఇంటికి పోయేవాళ్లు, ఆసుపత్రికి వచ్చి వెళ్తున్న ముసలివాళ్లు... సగంమంది ఒకళ్లకొకళ్లు తెలిసినవాళ్లే. తెలియకపోయినా చినరావూరు దాటేలోగా తెలిసిపోతారు. “ఏ ఊరు బాబాయ్ మనది?” అని మొదలవుతుంది. వేమూరు వచ్చేసరికి బీరకాయ పీచు చుట్టరికం ఒకటి బయటపడుతుంది.

సుమారు 34 కిలోమీటర్ల లైను. 1916లో వేశారు. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన... చివర రేపల్లె. దారిపొడవునా ఒక్క సొరంగం లేదు, ఒక్క ఎగుడు లేదు. స్టేషన్లలో పసుపు బోర్డుల మీద ఊరిపేరు కింద చిన్న అక్షరాలతో సముద్రమట్టం ఎంతో రాసి ఉంటుంది. మామూలుగా ఎవరూ చూడరు. ఈ లైన్లో మాత్రం అది చూసుకుంటూ వెళ్లాలి. తెనాలే పదిమీటర్లకి అటూ ఇటూ. అక్కణ్నుంచి ఆ అంకె తగ్గుతూ పోతుంది. రైలు దిగుతున్నట్టు ఎక్కడా తెలియదు గానీ, సముద్రంలోకే దిగుతోంది.

కిటికీలోంచి చూస్తే వరి, కాలువ, మళ్లీ వరి. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది. ఆ నీళ్లే దుగ్గిరాల లాకులు దాటి, తెనాలి మీదుగా చీలికలు పేలికలై ఈ పొలాల్లోకి వస్తాయి. ఒకప్పుడు మనుషులూ, సరుకులూ ఈ కాలువల్లో పడవల మీదే తిరిగేవి. కార్తీకంలో వస్తే ఇంకో చిత్రం చూడొచ్చు. వరి ఇంకా కోయనేలేదు, దాని మొదళ్లలోకి మినుములు చల్లేస్తుంటారు. కోత అయ్యేసరికి ఆ పదునులోనే మినుము మొలిచి ఉంటుంది. నేలలో చెమ్మ ఎన్ని రోజులుంటుందో లెక్క తెలిసినవాళ్లకే అది సాధ్యం. ఇటీవల చాలాచోట్ల మినుము పోయి మొక్కజొన్న, జొన్న వచ్చాయి. పంట మారినా లెక్క మారలేదు.

రోడ్డుపాలైన స్తూపం

భట్టిప్రోలులో దిగేవాళ్లలో ఊరివాళ్లే ఎక్కువ. చూడ్డానికొచ్చేవాళ్లు తక్కువ. నిజానికి ఇక్కడ చూడాల్సింది చాలా ఉంది. అమరావతి స్తూపం సంగతి అందరికీ తెలుసు. ఇక్కడి స్తూపం దానికేమీ తీసిపోదు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు రాతి భరిణెలు, వాటిలో స్ఫటికపు పేటిక, బంగారు పూలు బయటపడ్డాయి. రాతి మీదున్న రాతల్ని బ్యూలర్ చదివాడు. అశోకుడి లిపికి దగ్గరదే, కానీ కొన్ని అక్షరాలకి తనదైన వంకర ఉంది. అందుకే దానికి భట్టిప్రోలు లిపి అనే పేరొచ్చింది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటిదంటారు. కుబీరకుడనే రాజు పేరు కూడా ఆ రాతల్లో ఉంది.

రే వచ్చేసరికే స్తూపం సగం లేదు. రోడ్డుకి ఇటుకలు కావాలి, కాలువ కట్టడానికి రాళ్లు కావాలి. డెల్టాలో రాయి ఎక్కడ దొరుకుతుంది? గులకరాయి కూడా దూరం నుంచి రావాలి. అలాంటిచోట ఇంజనీర్ల కళ్ల ముందు ఇంత ఇటుక, ఇంత చలువరాయి కుప్పపడి ఉంటే ఏమవుతుంది? అదే అయింది. స్తూపం వెళ్లి రోడ్డు కింద, కాలువ గోడల్లో కలిసిపోయింది. మిగిలినదాన్ని ఊళ్లో దిబ్బ అనే అంటారు. పక్కన ఇంకో దిబ్బకి విక్రమార్కుడి కోటదిబ్బ అని పేరు. నాలుగడుగులు లేచిన నేల కనిపిస్తే దాని వెనక ఒక కోటో, ఒక కథో ఉండితీరాలని ఈ ప్రాంతం నమ్మకం. ఆ నమ్మకం వట్టిది కాదని తవ్వితే తేలింది.

పట్టాలు ఇంతవరకే

రేపల్లె దగ్గర పట్టాలు ఆగిపోతాయి. కృష్ణకి ఆవల మచిలీపట్నంలోనూ అంతే, అటునుంచి వచ్చిన లైను అక్కడితో సరి. రెండు చివరలూ డెల్టాకి అటొకటి ఇటొకటిగా ఎదురుచూస్తున్నట్టుంటాయి. ఆ రెంటినీ కలపమని అడగడం తరాలుగా సాగుతోంది. హైదరాబాద్ వైపు వెళ్లే రాత్రి బండికి డెల్టా ఎక్స్‌ప్రెస్ అని పేరు. రేపల్లె నుంచి ఇంటర్వ్యూలకి, ఉద్యోగాలకి, పెళ్లిచూపులకి బయల్దేరిన ఎన్ని తరాలవాళ్లు ఆ బండెక్కారో చెప్పలేం.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. రేపల్లె కొత్తగా పుట్టిన బాపట్ల జిల్లాకి వెళ్లింది. అప్పటిదాకా కలెక్టరుగారికి అర్జీ ఇవ్వాలంటే గుంటూరు పోవాలి. ఇప్పుడు బాపట్ల పోవాలి. రోడ్డు మీద అయితే 216వ నంబరు జాతీయ రహదారి ఉంది, నేరుగా పోవచ్చు. రైలు మీదే పోతానంటే మాత్రం మళ్లీ తెనాలి వెళ్లి, బండి మారి, అటు తిరిగి రావాలి.

రేపల్లె దాటాక ఊళ్ల పేర్లు వింటే చాలు, మ్యాపు అక్కర్లేదు. గుడికాయలంక, అడవులదీవి, లంకెవానిదిబ్బ, పోటుమెరక. ఏటికి ఆవల హంసలదీవి, ఎదురుమొండి, ఏటిమొగ. నది ఇసుక మేటవేసి తేల్చిన నేల లంక. చుట్టూ నీళ్లుంటే దీవి. కాస్త లేస్తే దిబ్బ. ఏరు వెళ్లి కలిసేచోటు మొగ. ఇక పోటుమెరక సంగతి చూడండి. పోటు అంటే సముద్రం పొంగు. మెరక అంటే ఎత్తు నేల. పల్లానికీ మెరకకీ మధ్య తేడా ఇక్కడ రెండు మూడడుగులే. కానీ ఇల్లు ఎక్కడ కట్టాలి, గడ్డివామి ఎక్కడ వెయ్యాలి, శ్మశానం ఎక్కడుండాలి అన్నవన్నీ ఆ రెండు మూడడుగులే తేల్చాయి. ఈ పేర్లు పెట్టినవాళ్ల దగ్గర కొలత సాధనాలేమీ లేవు. ఎన్నిసార్లు మునిగిందో గుర్తుంది, అంతే.

పంటు రోజులు

రేపల్లెకి తూర్పున పెనుమూడి. ఎదుటి ఒడ్డున పులిగడ్డ. ఇవాళ మధ్యలో పొడుగాటి వంతెన. అవనిగడ్డ బస్సు ఆగకుండా దాటిపోతుంది. నిద్రపోతున్న ప్రయాణికుడికి కృష్ణ వచ్చిందనీ తెలియదు, పోయిందనీ తెలియదు.

2000 దశకంలో ఈ వంతెన వచ్చేదాకా దాటించింది పంటే. రెండు పడవల మీద బల్లలు పరిచి, వాటిమీద మనుషుల్నీ, సైకిళ్లనీ, మోటారు సైకిళ్లనీ, గేదెల్నీ, ధాన్యం బస్తాల్నీ ఎక్కించేవారు. నీళ్లు తగ్గితే ఇసుక మీద నడిచివెళ్లి ఎక్కాలి. నీళ్లు పెరిగితే పంటు కట్టేసేవారు. ఇక అవతల ఒడ్డు కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది, వెళ్లాలంటే మాత్రం విజయవాడ చుట్టి వంద కిలోమీటర్లకి పైగా తిరిగిరావాలి. అటు దివిసీమ పిల్లనిచ్చినవాళ్లకి, ఇటు రేపల్లె పిల్లని తెచ్చుకున్నవాళ్లకి వానాకాలం వచ్చిందంటే కబుర్లు తెగిపోయేవి. ముహూర్తానికి పెళ్లికొడుకు వచ్చాడా, పంటు వచ్చిందా అని వేళాకోళాలాడుకునేవాళ్లు. వేళాకోళమే గానీ, పురిటి నొప్పులతో ఉన్న మనిషిని రేవులో కూర్చోబెట్టి పంటు కోసం చూసినవాళ్లకి అందులో నవ్వు కనిపించదు.

పంటు పూర్తిగా పోలేదు. దివిసీమ చివర ఎదురుమొండి వైపు వెళ్లేవాళ్లకి ఏరు దాటడమంటే తరతరాలుగా అదే. పెనుమూడి వంతెన మీద ఒక్క నిమిషం ఆగి దక్షిణానికి చూస్తే ఆ దీవులున్న దిక్కు తెలుస్తుంది. కృష్ణ ఇక్కడే పాయలుగా విడిపోయి, ఒక్కో పాయా ఒక్కో దారిన సముద్రం వైపు పోతుంది. ఆ పాయల మధ్య మిగిలిందే దివిసీమ.

కరకట్టకి ఇవతల, అవతల

ఈ ప్రాంతంలో ఎవరైనా ‘కట్ట లోపల’, ‘కట్ట బయట’ అంటే అది చిరునామా. కృష్ణ వెంబడి పొడుగునా మట్టితో పోసిన కరకట్ట ఉంది. దానికీ నదికీ మధ్యన ఉన్న ఊళ్లు లంకలు. కొల్లూరు మండలంలో పెసర్లంక, పోతార్లంక, చింతర్లంక, ఈపూరులంక... ఇలా చాలా ఉన్నాయి. (వజ్రాల కొల్లూరు ఇది కాదు. అది ఎగువన పల్నాడులో ఉండేది. ఇప్పుడు పులిచింతల నీళ్ల కిందుంది. ఈ కొల్లూరుకి దక్కింది ఒండ్రు మట్టి.)

ఆ మట్టి మాత్రం వజ్రమే. అరటి, పసుపు, కంద, కూరగాయలు... ఏది వేసినా విరగపండుతుంది. ఎందుకు పండుతుందంటే ఏరు వచ్చిపోతుంది కాబట్టి. ఎందుకు పోతుందన్నా జవాబు అదే. బ్యారేజి నుంచి వదిలిన నీళ్లు 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. మిగతా రాష్ట్రానికి ఇవి టీవీలో కింద పరుగెత్తే అంకెలు. లంకల్లో అయితే వాటికి అర్థాలున్నాయి. ఫలానా అంకె దగ్గర ఊరికొచ్చే దారి మునుగుతుంది. ఫలానా అంకెకి అరటి తోట మొదళ్లలోకి నీళ్లు. ఇంకొంచెం పెరిగితే గేదెల్ని కట్ట మీదికి తోలాలి. ఏ అంకెకి ఏం చెయ్యాలో ఆరో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు.

2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. ఓలేరు దగ్గర కరకట్ట తెగింది. అప్పటిదాకా కట్టకి ఇవతలున్నాం, మాకేంలే అనుకున్న ఊళ్లు కూడా మునిగాయి. అప్పట్లో అదే రికార్డు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. అందరి కళ్లూ బుడమేరు వరదలో మునిగిన విజయవాడ మీదే ఉన్నాయి. అది సహజం కూడా. కానీ అదే నీరు కొన్ని గంటల తర్వాత ఈ లంకల మీదికొచ్చింది. కట్టకి కారుతున్న చోటల్లా ఇసుక బస్తాలు వేసి రాత్రంతా కాపలా కాసినవాళ్లు ఇక్కడి ఊళ్లవాళ్లే. అరటి తోటలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అరటికి నాలుగురోజులు నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది. గెల కోతకి వచ్చి ఉన్నా సరే.

వరద తీశాక లంకవాళ్లు ఏం చేస్తారని బయటివాళ్లకి అనుమానం. వెనక్కి వెళతారు. ఇల్లు కడుక్కుంటారు. తోటలో కొత్తగా పడిన ఒండ్రు ఎంత మందాన ఉందో చేత్తో చూసుకుంటారు. అప్పుల లెక్క వేరే ఉంటుంది. అందులో పెద్దది కౌలు. భూమి ఎవరిదో, పంట ఎవరిదో వేరువేరైనచోట నష్టపరిహారం ఎవరి పేరున రావాలన్నది ప్రతి వరదకీ మళ్లీ మొదలయ్యే పేచీ.

లంకెవానిదిబ్బ దారి

రేపల్లె నుంచి దక్షిణంగా దిగుతుంటే వరి మెల్లగా పలచబడుతుంది. కాలువకి ఇది శివారు. పై ఊళ్లు తడిశాకే ఇక్కడికి నీళ్లు. కాలువ వస్తే పంట కంటే ముందు మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. వేసవిలో కాలువలు కట్టేస్తే మళ్లీ వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. బావి తవ్వుకోవచ్చు కదా అనే మాట ఎగువ జిల్లాలవాళ్లు అంటారు. తవ్వితే నీళ్లు పడతాయి. ఉప్పునీళ్లు!

తర్వాత వరి బొత్తిగా పోయి రొయ్యల చెరువులొస్తాయి. నీళ్లని చిలికే ఏరియేటర్ల చప్పుడు, చెరువు గట్టున ఒక షెడ్డు, షెడ్డు ముందు ఆరేసిన బట్టలు. తొంభైల మొదట్లో టైగరు రొయ్య వచ్చినప్పుడు ఇక్కడ డబ్బు వరదలా వచ్చింది. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి వరదలాగే పోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద గట్టి తీర్పిచ్చింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ కళకళలాడాయి. ఈ ఎగుడుదిగుళ్లలో లాభపడినవాళ్లు టౌన్లలో మేడలు కట్టారు. పడినవాళ్లు పొలం అమ్ముకున్నారు. ఒకసారి ఉప్పునీరు నిలవేసిన నేలని మళ్లీ వరిమడిగా మార్చడం మాటలు కాదని తెలిసింది మాత్రం ఇద్దరికీ.

ఆ షెడ్లలో ఉండేది ఊరివాళ్లు కాదు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు. రాత్రీ పగలూ చెరువుకి కాపలా, మేత వెయ్యడం, ఏరియేటరు ఆగితే పరుగెత్తడం. మాటైనా రాని చోట, దీపాలు దూరంగా కనిపించే చోట నెలలకి నెలలు ఉంటారు. 2021 జూలై నెలాఖరున ఒక రాత్రి లంకెవానిదిబ్బలో ఇలాంటి షెడ్డులోనే ప్రమాదం జరిగి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. మారుమూల ఊరిపేరు రాష్ట్రమంతా వినపడింది అప్పుడే. ఆ తర్వాత వినపడలేదు.

ఊరు దాటాక మడ అడవి. ఇక్కడ నేల ఏది, నీరు ఏది అన్నది వేళని బట్టి ఉంటుంది. పోటు సమయంలో వస్తే చెట్లు నీళ్లలో నిలబడి ఉంటాయి. పాటు సమయంలో వస్తే బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి, ఎవరో మేకులు గుచ్చినట్టుంటుంది. మడచెట్టు ఊపిరి తీసేది ఆ వేళ్లతోనే. ఉప్పుపొన్న వేళ్లు గొడుగు కమ్మీల్లా కిందికి దిగి ఉంటాయి. తిల్లచెట్టు జోలికి మాత్రం పోరు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని చిన్నపిల్లలకి కూడా చెప్పి ఉంచుతారు.

మండపీతలు పట్టేవాళ్లు తెల్లవారకముందే పడవెక్కుతారు. గడియారం చూడరు, చంద్రుణ్ని చూస్తారు. అమావాస్యకీ పున్నమికీ పోటు బలంగా ఉంటుంది. అష్టమి నాడు నీరు మందంగా కదులుతుంది. రోజూ పోటు ముందురోజు కంటే ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా వస్తుంది. ఆ లెక్కలు తప్పితే పడవ బురదలో కూరుకుపోతుంది, మళ్లీ నీరొచ్చేదాకా అక్కడే ఉండాలి. పట్టిన పీతని తాడుతో కాళ్లు ముడేసి ప్రాణంతోనే బుట్టలో వేస్తారు. అది ప్రాణంతో ఉంటేనే ధర. ఇక్కడి బురదలో పుట్టిన పీత చెన్నై మీదుగా విమానమెక్కి వేరే దేశంలో భోజనాల బల్ల మీదికి పోతుంది. పట్టినవాడు తన ఊరి నుంచి రేపల్లె పోవాలంటే ఆటో కోసం చూడాలి.

ఈ మడ అడవుల్లో కొంతభాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. నదికి రెండువైపులా కలిపి 194.81 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి అసలు దొర బావురు పిల్లి. మామూలు పిల్లికి రెట్టింపు ఉంటుంది. వేళ్ల మధ్య చిన్న పొర. పిల్లిజాతికి నీళ్లంటే పడదంటారు గానీ ఇది నీళ్లలోకి దిగి చేపని పట్టుకుంటుంది. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి చూసినవాళ్లు తక్కువ. పొద్దున్నే చెరువుగట్టు మీద దాని అడుగులు చూసినవాళ్లు ఎక్కువ. చేపలు పోయాయని కోపం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ శనివారం

1977 నవంబరు 19, శనివారం. ఈ తీరంలో యాభై దాటినవాళ్ల వయసులన్నీ ఆ రోజు నుంచే లెక్క. ‘ఉప్పెనప్పుడు చంటిపిల్ల’, ‘ఉప్పెనకి ముందేడు పెళ్లి’ అంటారు. తుపాను చాలా వచ్చాయి. ఉప్పెన మాత్రం ఒక్కటే. సముద్రం సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేలమంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇంటికొకరు మిగల్లేదు. ఏటికి ఇటు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తట్టున కూడా చెట్లు, ఇళ్లు, పశువులు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రాత్రి బతికినవాళ్లు చెప్పే కథల్లో ఒక్కటే పోలిక. తాటిచెట్టెక్కాం, మేడ మీదికి పోయాం, దిబ్బ మీదికి పరుగెత్తాం... అందరూ చెప్పేది ఎత్తు సంగతే. కొండ అనేది ఒక్కటుంటే చాలు, ఎంతమందో మిగిలేవాళ్లు.

ఆ తర్వాతే ఇక్కడ కొండలు కట్టడం మొదలైంది. కింద స్తంభాలు, పైన గదులు, మెట్లు... తుపాను షెల్టర్లు. కింద నీరు పారిపోవడానికి ఖాళీ, పైన మనుషులు. మామూలు రోజుల్లో వాటిలో బడి నడుపుతారు, వలలు ఆరేస్తారు. 1990 మేలో మళ్లీ పెనుతుపాను వచ్చింది. గాలి తక్కువేం కాదు. కానీ లక్షన్నరమందికి పైగా ముందే ఖాళీ చేశారు. చనిపోయినవాళ్లు 967మంది. అదీ తక్కువేం కాదు గానీ, 1977తో పోల్చి చూసుకుంటే ముందే కదిలినందువల్ల ఎంత తేడానో తెలుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి పోయింది. మనుషులు చాలావరకు మిగిలారు. ఇప్పుడు సెల్‌ఫోనుకి ముందే సందేశం వస్తుంది. అయినా పాత ఇళ్లల్లో ముసలమ్మలు ఇప్పటికీ కార్తీకమాసం గాలి కాస్త తిరిగిందంటే బియ్యం మూట అటక మీదికి ఎక్కిస్తారు.

పేటపోలి ఎక్కడ?

పడమటికి తిరిగితే నిజాంపట్నం. పాత ఐరోపా వాళ్ల కాగితాల్లో ‘పేటపోలి’ అని కనిపించే రేవు ఇదే. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ వర్తకస్థానం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ముందు ఇక్కడికొచ్చి, ఆ తర్వాత మచిలీపట్నం వెళ్లింది. అద్దకం గుడ్డల కోసం సముద్రాలు దాటి వచ్చారన్నమాట. మద్రాసు అనే పట్నం అప్పటికి పుట్టనేలేదు. ఆ వైభవమేదీ ఇప్పుడు వెతికినా కనిపించదు. నది, సముద్రం కలిసి ప్రతి ఏడూ మేటవేసే చోట రేవు కుదురుగా నిలబడదు.

ఇప్పుడున్నది చేపల హార్బరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మరపడవలు వరసగా కట్టేసి ఉంటాయి, రంగులు వేస్తుంటారు, వలలు అల్లుతుంటారు. మిగతా రోజుల్లో చందువ, వంజరం, రొయ్య దిగుతాయి. ఐసు పొడి చేసే చప్పుడు, వేలంపాటలో కేకలు, ఎండుచేపల వాసన. ఆ వాసన కాసేపే కొత్త, తర్వాత తెలియదు.

ఇసుకలో తీపి

బాపట్ల చేరేసరికి నేల రంగే మారిపోతుంది. నల్లరేగడి పోయి ఇసుక. భావనారాయణస్వామి పేరు మీద వెలసిన ఊరు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఇక్కడే. ఆదివారం వచ్చే జనం మాత్రం అటు సూర్యలంక బీచికి పోతారు. వెళ్లొద్దని ఎవరంటారు? సరుగుడు తోటల మధ్య దారి, చివర సముద్రం, బజ్జీల బళ్లు.

కానీ దారిలోనే, రోడ్డుకి పక్కన ఇసుక చేలల్లో చూడాల్సినదొకటి ఉంది. దొరువు. మనిషి లోతు ఇసుక తవ్వి, ఏటవాలుగా దిగేందుకు దారి చేసిన గుంట. అడుగున నీళ్లు. సముద్రం కేకేస్తే వినిపించేంత దగ్గర, అయినా ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి. వాన నీరు ఇసుకలోకి ఇంకి, లోపలున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పాల మీద మీగడలాగా. పైపైన తోడితే తీపి. ఆశపడి లోతుకి తవ్వినా, మోటారు పెట్టి గుంజినా కింది ఉప్పు పైకొస్తుంది. ఒకసారి ఉప్పు తగిలిన దొరువు మళ్లీ తీపెక్కాలంటే వానలు పడాలి.

1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల ఊళ్లోనే ఉంది. అక్కడి ఉప్పునీటి పరిశోధనలవాళ్లు ఈ దొరువునే పట్టుకున్నారు. కొత్తదేదో తేలేదు. ఇసుకలో పైపొర మట్టాన చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, నీళ్లన్నీ మధ్యలో ఒక బావిలోకి చేరేలా చేశారు. లోతుకి పోకుండా వెడల్పుకి పోయారన్నమాట. అలా తోడిన నీళ్లతో వేరుశనగ, కూరగాయలు, పూలతోటలు సాగు చేసుకోవచ్చు.

పాత పద్ధతి కూడా పూర్తిగా పోలేదు. చిన్న కమతంలో నారు పోసుకున్నవాళ్లు రెండు చేతుల్లో రెండు కుండలతో ఏటవాలున దిగుతారు, ముంచుతారు, ఎక్కుతారు, మొక్కల మీద చల్లుతారు, మళ్లీ దిగుతారు. వెళ్లే దారి, వచ్చే దారి ఇసుకలో గీసినట్టు పడి ఉంటాయి. పొద్దు వాలేసరికి దొరువు అడుగు ఇసుక తేలుతుంది. అక్కడితో ఆపేస్తారు. ఇంకో బెత్తెడు గీకితే ఇంకో రెండు కుండలొస్తాయని తెలుసు. గీకరు. కుండలు గట్టున బోర్లించి ఇంటికి పోతారు. తెల్లారి వచ్చేసరికి మోకాలి లోతు నీళ్లు ఊరి ఉంటాయి.